మాగజైను: కంపెనీదా, బయటిదా?

శీర్షిక చూసి ఇదేదో సాహిత్య మాసపత్రికల ప్రస్తావన అనుకొని వచ్చిన మిత్రులు ముందుగా నన్ను మన్నించాలి. నేను రాయబోతున్నది 'భారతి' గురించి కాదు, పిస్తోలు పిడిలోకి కిందినుండి దూర్చే తూటాల పెట్టె గురించి. రెండింటికీ ఇంగ్లీషువాడు ఒకే మాట వాడటం కాకతాళీయం కాదు. అరబ్బీలో మఖ్‌జన్ అంటే కొట్టు, సరుకు దాచే చోటు. ఆ మాట ఐరోపా భాషలగుండా ఇంగ్లీషులోకి వచ్చి మందుగుండు కొట్టు అయింది. 1731లో లండనులో ఎడ్వర్డ్ కేవ్ తన పత్రికకు 'జెంటిల్‌మన్స్ మాగజైన్' అని పేరు పెట్టినపుడు, రచనలు దాచే కొట్టు అన్న అర్థంలోనే పెట్టాడు. మనకు అమ్ములపొది, తూణీరం వంటి చక్కని మాటలున్నాయి. అయితే ఏ పోలీసు ఆర్మరీకైనా పోయి "ఒక అమ్ములపొది ఇప్పించండి" అని అడిగితే నాటకాలవాడెవడో దారి తప్పి వచ్చాడనుకొంటారు. కనుక లోకం వాడే మాటనే నేనూ వాడతాను.

తెలుగు పండితుడికి పిస్తోలుతో ఏం పని అన్న ప్రశ్నకు కూడా ఇక్కడే సమాధానం చెప్పుకోవాలి. ఛందస్సు చెప్పిన బడిలోనే చాలా ఏళ్ళు ఎన్.సి.సి. బాధ్యతను కూడా నేను మోశాను. నాగపూరు దగ్గరి కాంప్టీలో ఉపాధ్యాయులకిచ్చే శిక్షణ పొందాను. పిల్లలచేత .22 రైఫిలు విప్పించి, తుడిపించి, మళ్ళీ బిగింపించాను. ఆ కారణంగా, పాతికేళ్ళ కిందటి విద్యార్థులు ఇప్పటికీ కొందరు పద్యానికి కాక తుపాకికి సంబంధించిన సందేహాలతో ఫోను చేస్తుంటారు. ఈమధ్య రెండు సందేహాలు దాదాపు ఒకేసారి వచ్చాయి. ఒకతను కేంద్ర బలగాలలో పనిచేస్తున్నాడు. "మాస్టారూ, నాకిచ్చిన రెండు మాగజైన్లలో ఒకటి మొరాయిస్తోంది. చెబితే, 'అది ఫ్యాక్టరీది, లోపం నీ చేతిలో ఉంది' అంటున్నారు" అన్నాడు. రెండో అతను టెక్సస్‌లో స్థిరపడి అక్కడి పౌరుడయ్యాడు. ఇంట్లో ఒక పిస్తోలు పెట్టుకొన్నాడట. "కంపెనీ మాగజైను ఖరీదులో మూడోవంతుకే బయటివాళ్ళది దొరుకుతోంది, కొనవచ్చునా?" అని అతని ప్రశ్న. ఒకతనికి ఎంచుకొనే వీలే లేదు. ఇంకొకతనికి ఎంచుకోవడానికి సవాలక్ష ఉన్నాయి, ఎలా ఎంచుకోవాలో తెలియదు.

పల్నాటివాళ్ళకు ఈ ప్రశ్న కొత్తది కాదు. నరసరావుపేటలో ట్రాక్టరు సామాన్ల కొట్టుకు పోయినా, మాచర్లలో బోరు మోటారు బాగుచేయించుకోవడానికి పోయినా మొదట వినబడే మాట, "కంపెనీది ఇమ్మంటారా, బయటిది ఇమ్మంటారా?" అనే. 'కంపెనీ' అన్న మాటకు మన దగ్గర ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. (ఒకప్పుడు కుంఫిణీ అంటే మన ముత్తాతలు ఏమనుకొనేవారో అది వేరే సంగతి.) కంపెనీ బేరింగు, కంపెనీ బెల్టు, కంపెనీ విత్తనం. ఆ విత్తనంలోనే నకిలీది వచ్చి పత్తి పూయకపోతే, మిరప కాయకపోతే, సంచీ మీది బొమ్మను చూసుకొని ఏడవడం కూడా మనవాళ్ళకు అనుభవమే. బోరు మోటారులో వేసిన సామాను చెడితే ఒక తడి పోతుంది, మహా అయితే ఒక పంట పోతుంది. పిస్తోలులో పెట్టిన మాగజైను చెడితే మనిషి పోతాడు. అందుకని ఈ చిన్న రేకుపెట్టె గురించి కొంచెం తీరికగా మాట్లాడుకోవడంలో తప్పులేదనుకొంటాను.

చూడటానికి అందులో ఏమీ లేదు. ఒక రేకు గొట్టం, లోపల ఒక స్ప్రింగు, ఆ స్ప్రింగు మీద తూటాలను పైకి మోసే ఒక పలక, అడుగున మూత. పైఅంచున రేకును రెండువైపులా లోపలికి వంచి ఉంటారు. వాటిని ఇంగ్లీషులో కూడా పెదవులనే అంటారు. అసలు రహస్యమంతా ఆ పెదవులలోనే ఉంది. పిస్తోలు పేలగానే పైనున్న స్లయిడు వెనక్కి జరిగి, కాలిన ఖాళీ తొడుగును బయటికి విసిరివేసి, తిరిగి ముందుకు వస్తూ మాగజైను పైనున్న కొత్త తూటాను తోసుకుంటూ పోయి గొట్టంలోకి ఎక్కిస్తుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోగా జరిగిపోతుంది. ఆ లోగా స్ప్రింగు తరువాతి తూటాను సరైన ఎత్తుకు లేపాలి. పెదవులు దాన్ని సరైన వాలులో పట్టుకోవాలి, సరైన క్షణంలో విడవాలి. పెదవులు వెంట్రుకవాసి ఎక్కువ తెరుచుకొంటే తూటా ముందే ఎగురుతుంది. బిగుసుకొంటే కదలదు. స్ప్రింగు నీరసిస్తే స్లయిడు వచ్చే వేళకు తూటా పైకి రాక, గొట్టం ఖాళీగా మూసుకుంటుంది. ప వర్గం చెప్పేటప్పుడు పిల్లలకు పెదవులు కలిపి చూపించేవాణ్ణి. పెదవులు సరిగా కలవకపోతే పకారం పలకదు, ఇక్కడ తుపాకి పలకదు.

వ్యాకరణం చదువుకొన్నవాళ్ళకు ఇంకో పోలిక చెబుతాను. తుపాకి ఒక పదం, తూటా ఒక పదం, మాగజైను వాటి మధ్య జరిగే సంధి. పదాలు రెండూ సాధువులే అయినా సంధి కుదరకపోతే మాట అసాధువవుతుంది. తనంత తాను గుండు ఎక్కించుకొనే తుపాకులలో వచ్చే ఆటంకాలలో ఎక్కువ పాలు మాగజైనుదేనని వాటిని వాడేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు ఏకగ్రీవంగా చెప్పే మాట. లక్షల రూపాయల పరిశోధనంతా తుపాకి మీద పెట్టి, దానికి ఊపిరి అందించే రేకుపెట్టెను చిల్లర సామానుగా చూడటం ఆయుధాల చరిత్ర పొడుగునా ఉంది.

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిషువారు హడావిడిగా, చౌకగా తయారుచేసుకొన్న స్టెన్ తుపాకిని గుర్తు చేసుకోండి. దాని మాగజైనులో తూటాలు రెండు వరుసలుగా పైకి వచ్చి, పెదవుల దగ్గర ఒక్క వరుసగా ఇరుకుకావాలి. అక్కడ తోపులాట. 32 పట్టేదానిలో రెండు మూడు తగ్గించి నింపుకోవడం సిపాయిలకు అలవాటయింది. 1942 మే 27న ప్రాగ్ నగరంలో నాజీ అధికారి హైడ్రిష్ కారుకు అడ్డంగా నిలబడి గాబ్చిక్ అనే చెకోస్లొవాకియా దేశపు సైనికుడు స్టెన్ ఎత్తితే అది పేలలేదు. తోటివాడు విసిరిన బాంబు ఆ పని పూర్తి చేసింది. ఆ రోజు స్టెన్‌లో ఏ భాగం మొరాయించిందో నేను తీర్పు చెప్పబోవడం లేదు. ప్రాణాలు పణంగా పెట్టినవాడి చేతిలో ఆయుధం మూగపోవడం ఎలా ఉంటుందో చెప్పడానికే ఆ సంఘటన. తరువాత బ్రిటనులోనే జార్జి ప్యాచెట్ స్టెర్లింగు తుపాకికి మాగజైను గీసినపుడు తూటాలను మోసే పలకకు చిన్న చక్రాలు అమర్చి, గొట్టాన్ని కొంచెం వంచి, ఆ తోపులాటను చాలావరకు తగ్గించాడు. మన కాన్పూరు కర్మాగారంలో తయారై పోలీసుల భుజాన దశాబ్దాలపాటు వేలాడిన కార్బైను దాని వంశమే. వియత్నాంలో అమెరికా సిపాయిలు ఎం-16 మాగజైనులో 20కి బదులు 18 నింపుకొనేవారు. ఏ దేశపు సిపాయి అయినా చేసుకొన్న వైద్యం ఒక్కటే, పెట్టెకు కడుపు నిండా పెట్టకపోవడం.

ఇక అసలు వివాదానికి వస్తాను. కంపెనీది మేలా, బయటిది మేలా? కంపెనీదే మేలు అనేవారు తప్పకుండా చెప్పే కథ ఇరాకుది. 1985లో అమెరికా సైన్యం ఇటలీకి చెందిన బెరెట్టా పిస్తోలును ఎం-9 అన్న పేరుతో తీసుకొంది. కొన్నేళ్ళకు విడి మాగజైన్ల కాంట్రాక్టు బెరెట్టాకు కాక వేరొక తయారీదారుకు పోయింది. 2003లో ఇరాకులోకి దిగాక పిస్తోళ్ళు మొరాయించడం మొదలుపెట్టాయి. అక్కడి ఇసుక మన కృష్ణ ఒడ్డు ఇసుక వంటిది కాదు, ముఖానికి రాసుకొనే పౌడరులా ఉంటుంది. ఆ మాగజైన్ల లోపలి గరుకైన పూతకు ఆ పొడి పట్టుకొని, తూటాలు పైకి జరగలేదు. బెరెట్టా స్వయంగా చేసిన నున్నని మాగజైన్లు మాత్రం పనిచేశాయి. ఆ ఏడాది మే నెలలో వచ్చిన సైన్యపు నివేదికలోనే, సిపాయిలు స్ప్రింగులను చేత్తో లాగి సాగదీసి, 15 పట్టేదానిలో 10 మాత్రమే నింపుకొంటున్నారని ఉంది. చూశారా, కంపెనీది కానిది కొంటే ఇంతే, అంటారు.

కథ అంతవరకే చెబితే అన్యాయమవుతుంది. ఆ గరుకుపూత బయటి తయారీదారు సొంత తెలివి కాదు. తుప్పు పట్టకుండా ఆ దళసరి పూత ఉండాలని కోరింది సైన్యమే. టెండరు కాగితంలో ఏమి రాసి ఉందో ఆ తయారీదారు అదే చేసి ఇచ్చాడు. తనిఖీ అధికారి కాగితంతో పోల్చి చూసి సరిగ్గా ఉందని ముద్ర వేశాడు. తప్పు కాగితంలో ఉంది. ఆ కాగితం రాసినవాడు ఇరాకు ఇసుకలో నిలబడి ఆ పిస్తోలును పేల్చవలసిన అవసరం లేదు. తరువాత ఇసుక అంటని నున్నని పూతతో మాగజైన్లు తెప్పించుకొన్నారు, అవి పనిచేశాయి.

పైగా 'కంపెనీది' అంటే ఏమిటి? ఇటలీలో బెరెట్టా ఉన్న గార్దోనే పట్టణంలోనే మెక్-గార్ అనే సంస్థ ఉంది. అది పిస్తోళ్ళు చేయదు, మాగజైన్లే చేస్తుంది. ఐరోపాలో, అమెరికాలో పేరుమోసిన పిస్తోలు కంపెనీలు అనేకం తమ మాగజైన్లను దానిచేతనే చేయించుకొని తమ ముద్ర కొట్టుకొంటాయి. అదే మాగజైను మెక్-గార్ సొంత పేరుతో కూడా తక్కువ ధరకు దొరుకుతుంది. అపుడు ఒకటి కంపెనీది, ఒకటి బయటిది అవుతాయా? తల్లి ఒక్కతే, ఇంటిపేర్లు రెండు. ఈ సంగతి నరసరావుపేట మెకానిక్కులకు ఎప్పటినుండో తెలుసు. కంపెనీ పెట్టెలోని బేరింగును, పక్కనే ఉన్న చౌక పెట్టెలోని బేరింగును విప్పి చూపించి రెండింటి మీదా ఒకే తయారీ గుర్తు ఉందని చెప్పగలరు. బేరం పోతుందని చెప్పరు, అంతే.

ఇంతకన్నా తమాషా అయిన సంగతి 1911 నమూనా కోల్ట్ పిస్తోలుది. రెండో ప్రపంచయుద్ధంలో ఆ పిస్తోళ్ళను కోల్ట్ కన్నా ఎక్కువగా చేసినది టైపురైటర్లు చేసే రెమింగ్టన్ రాండ్. మన దర్జీల ఇళ్ళలో ఉండే కుట్టుమిషన్ల సింగర్ కంపెనీ కూడా 1941లో 500 పిస్తోళ్ళు చేసింది. వాటి మాగజైన్లు చేసినవాళ్ళలో గడ్డం గీసుకొనే యంత్రాలు చేసే సంస్థ ఒకటి. ఒకరి పిస్తోలులో ఇంకొకరి మాగజైను పెట్టినా పనిచేసింది. ఎందుకు పనిచేసింది? పేరువల్ల కాదు. అందరికీ ఒకే నక్షా, ఒకే కొలబద్ద, గుమ్మం దగ్గర ఒకే తనిఖీదారు ఉండటంవల్ల. అదే పిస్తోలును యుద్ధం తరువాత ఎవరికి తోచినట్టు వారు చేయడం మొదలుపెట్టాక కొలతలు చెల్లాచెదురయ్యాయి. అపుడు విల్సన్ వంటి బయటి తయారీదారులు పెదవులనూ పలకనూ తిరిగి దిద్ది చేసిన మాగజైన్లు, చాలామంది వాడుకరుల మాటలో, పిస్తోలుతో వచ్చినవాటికన్నా నమ్మదగినవిగా పేరు తెచ్చుకొన్నాయి. రైఫిళ్ళ విషయంలో మాగ్‌పుల్ అనే బయటి సంస్థ చేసిన ప్లాస్టిక్ మాగజైనును అమెరికా మెరైన్లే 2016 డిసెంబరులో ఆమోదించారు. అధికారిక మాగజైను ఉండగా దీన్ని తీసుకొన్నారంటే, పరీక్షలో ఇది నిలిచిందనే కదా.

వ్యాకరణంలో ఆగమానికీ ఆదేశానికీ ఒక భేదం చెబుతారు. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుంది, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని తరిమి ఆ చోటు ఆక్రమిస్తుంది. బయటి మాగజైను ఆదేశం వంటిది. స్థానిని తొలగించి వచ్చినది స్థాని చేసే పని అంతా చేసి తీరాలి. ఇక్కడ బయటివాడికి ఉన్న ఇబ్బందిని ఒప్పుకోవాలి. కంపెనీవాడి దగ్గర నక్షా ఉంటుంది. అందులో ప్రతి కొలతకు పక్కన ఎంత హెచ్చుతగ్గులు భరించవచ్చునో కూడా రాసి ఉంటుంది. నకలు చేసేవాడి చేతిలో సాధారణంగా ఒకటో రెండో నమూనాలు మాత్రమే ఉంటాయి. వాటిని కొలిస్తే ఆ రెండింటి కొలతలు తెలుస్తాయి కానీ, ఏ కొలత ప్రాణమో, ఏది వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా ఫరవాలేదో తెలియదు. ఒక్క తాళపత్ర ప్రతిని పట్టుకొని గ్రంథం పరిష్కరించబోయినవాడి తిప్పలు ఇవే. అందుచేత ఏమీ తెలియని స్థితిలో కంపెనీదే కొనమనడం సబబే. సందేహం వచ్చినచోట అది మంచి మొదటి మెట్టు. అయితే మొదటి మెట్టునే మేడ అనుకొనేవారితోనే నా పేచీ.

ఎందుకంటే కంపెనీది కూడా మోసం చేసిన సందర్భాన్ని మనం మన దేశంలోనే చూశాము. ఇన్‌సాస్ రైఫిలు మనది, నక్షా పూణెలోని మన పరిశోధనశాలది, తయారీ ఈశాపూరు, తిరుచిరాపల్లి ప్రభుత్వ కర్మాగారాలది. మాగజైను కూడా వాటిదే. బయటి మాట లేనేలేదు. 1999లో కార్గిల్ కొండలమీద ఆ చలికి ఆ ప్లాస్టిక్ మాగజైన్లు పగిలాయి. దుకాణదారుడు మోసం చేశాడనడానికి లేదు, నకిలీ అనడానికి లేదు. అసలుదే పగిలింది. ఇది పిస్తోలు కాదు, రైఫిలు అని మీరు అనవచ్చు. పెట్టె పెట్టే, పెదవులు పెదవులే. ఆ చలిలో ఎన్ని రోజులు ఉంచి పరీక్షించారన్నది ప్రశ్న. అంతేకాని దానిమీద ఎవరి ముద్ర ఉందన్నది కాదు. పేరుపొందిన గ్లాక్ కూడా మొదట్లో చేసిన మాగజైన్లలో లోపలి రేకు గొట్టమంతా చుట్టి ఉండేది కాదు, తూటాలు నింపితే ప్లాస్టిక్ ఉబ్బేది, మీట నొక్కినా కిందికి జారి పడేది కాదు. తరువాత రేకును పూర్తిగా చుట్టి దిద్దుకొన్నారు. కంపెనీవాళ్ళు కూడా వాడి, విని, దిద్దుకొంటూనే నేర్చుకొంటారు.

ఇంకొక సంగతి మనవాళ్ళు మరిచిపోయేది. మాగజైను అరిగిపోయే వస్తువు. స్ప్రింగు పదేపదే నొక్కి వదలడంవల్ల నీరసిస్తుంది, పెదవులు కిందపడి వంకరపోతాయి. చెప్పుల వంటిది, దానికి ఆయుర్దాయముంది. ఖాండవదహన సమయంలో అర్జునుడికి గాండీవంతోబాటు రెండు అక్షయతూణీరాలు వచ్చాయి. కంపెనీ సామానంటే అదీ, సాక్షాత్తూ వరుణుడి కొట్టునుండి అగ్నిదేవుడు ఇప్పించినది. అయినా మౌసలపర్వానికి వచ్చేసరికి, ద్వారక స్త్రీలను వెంటబెట్టుకొని వస్తూ దారిదోపిడీగాళ్ళు మీదపడినపుడు, ఆ తూణీరాలలోనే అమ్ములు అయిపోయాయి. అంతటివాడు వింటితో కర్రలా మోదవలసి వచ్చింది. దేవతలిచ్చినదానికే కాలపరిమితి ఉంటే, మన కార్యాలయాల లెక్కలపుస్తకాలలో మాత్రం ఒకసారి ఎక్కిన మాగజైను నిజంగానే అక్షయతూణీరం. విరిగి రెండు ముక్కలైతే తప్ప కొట్టివేయరు. మా వాడికిచ్చిన మాగజైను వయసు అతని సర్వీసుకన్నా ఎక్కువట.

అతనికి నేను చెప్పింది చిన్న సంగతే. రెండు మాగజైన్ల అడుగున రంగుతో ఒకటి, రెండు అని అంకెలు వేసుకోమన్నాను. ఫైరింగుకు పోయిన ప్రతిసారీ ఎన్ని పేల్చాడో, ఏ అంకెది ఎన్నోసారి ఆగిందో తేదీతో రాసుకోమన్నాను. మనిషి చేతిలో లోపమైతే రెండూ ఆగాలి. ఒక్కటే ఆగుతుంటే లోపం దానిలో ఉంది. కొన్ని నెలలు రాశాడు. ఒకటో అంకెది ఒక్కసారీ ఆగలేదు, రెండో అంకెది ఐదుసార్లు ఆగింది. ఆ కాగితాన్ని అర్జీతో జతచేసి పైకి పంపాడు. అది ఏ మెట్టు మీద ఉందో నాకు తెలియదు. అతను సొంత డబ్బుతో బయట ఒకటి కొనుక్కొని పెట్టుకొందామంటే మన దేశంలో ఆ ప్రసక్తే లేదు. 1959 ఆయుధచట్టం ప్రకారం ఆయుధమనే మాటలో దాని భాగాలు కూడా చేరతాయి. అధికారం లేనిచోట దొరికింది గదా అని జేబులో వేసుకొంటే కేసు. లైసెన్సు ఉన్న పౌరుడికైనా అంతే. 2019 సవరణ తరువాత ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అదృష్టవశాత్తు మా పల్నాటిలో లైసెన్సు పిస్తోళ్ళ చర్చ తక్కువ. మాకు కారెంపూడిలో వీరుల కొణతాలు ఉన్నాయి, ఏటా కార్తీకంలో వాటికి పూజ. విడిభాగాలు లేని ఆయుధాలు అవి. నాటుబాంబులు కట్టే దౌర్భాగ్యం కూడా మాదే. అవి కట్టేవాడి చేతుల్లోనే పేలిన వార్తలు చదవని పల్నాటివాడు లేడు. తనిఖీ లేని తయారీకి అంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

టెక్సస్ అబ్బాయికి ఇంట్లో పిస్తోలు అవసరమా అన్న దగ్గర నాకూ అతనికీ ఏకీభావం కుదరలేదు. రాత్రిపూట దుకాణాలలో పనిచేసి, దోపిడీలు కళ్ళారా చూసి వచ్చిన భయం అతనిది. ఆ భయాన్ని నరసరావుపేటలో కూర్చొని నేను తీసిపారవేయలేను. ఉంచుకొన్నపుడు అది పనిచేయాలి కదా, ఆ మేరకు చెప్పాను. కంపెనీవి రెండు కొను, అంకెలు వేయి, ఒక్కొక్కదానితో కనీసం వంద, రెండువందల తూటాలు, ఇంట్లో ఏవి ఉంచుతావో అవే, గురిశాలలో పేల్చి చూడు. ఒక్కటీ ఆగకపోతే దాన్ని ఇంటికి ఉంచు. బయటివి చౌకగా కొనుక్కొంటే అభ్యాసానికి వాడుకో. వాటిలో ఏదైనా అదే పరీక్షలో నిలిస్తే దాన్నీ నమ్ము, అది ఎవరిదైనా సరే. అభ్యాసంలో కిందపడి నలిగినదాన్ని ఎన్నడూ ఇంటికి నమ్ముకోకు. ఇంకొకటి, మాగజైను తీసివేసినంత మాత్రాన పిస్తోలు ఖాళీ అయినట్టు కాదు, గొట్టంలో ఒక తూటా ఉండవచ్చు. ఇంట్లో పసిపిల్లలున్నారు కనుక ఈ చివరి మాటను రెండుసార్లు చెప్పించుకొని విన్నాను.

అతని సమస్య తీరేదే. అతని డబ్బు, అతని పరీక్ష, అతని ప్రాణం, మూడూ ఒకచోటే ఉన్నాయి. మన జవానుల దగ్గర ఈ మూడూ మూడు చోట్ల ఉన్నాయి. డబ్బు ఒక శాఖది, పరీక్ష ఇంకొక శాఖది, ప్రాణం మాత్రం వాడిది. ప్రభుత్వపు కొనుగోలులో నిర్దేశించిన ప్రమాణాలకు సరిపోయినవారిలో తక్కువ ధర ఎవరు వేస్తే వారికి దక్కుతుంది. అది తప్పనను, ప్రజల సొమ్ము. అయితే ఆ ప్రమాణాల కాగితం సరిగా లేనపుడు, తక్కువ ధరవాడు దొంగ కాకపోయినా సామాను దొంగదవుతుంది. ఇరాకులో జరిగింది అదే. ఫిర్యాదు చేసిన జవానునే తప్పుపట్టే పద్ధతి ఉన్నంతకాలం ఆ కాగితం ఎప్పటికీ దిద్దబడదు, దాన్ని రాసినవాడికి కబురే అందదు కనుక. ప్రతి మాగజైనుకు ఒక సంఖ్య, అది పుట్టిన ఏడు, పేల్చిన లెక్క, ఆగిన లెక్క రాసే ఒక పుస్తకం పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. గ్రంథాలయంలో ప్రతి పుస్తకానికీ ఆ మాత్రం చీటీ ఉండేది.

2021 అక్టోబరు 1న మన ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దుచేసి, 41 కర్మాగారాలను ఏడు కంపెనీలుగా విడదీశారు. తుపాకులు చేసేవి కాన్పూరు కేంద్రంగా ఒక కంపెనీ కింద చేరాయి. ప్రైవేటు సంస్థలు కూడా ఇపుడు రంగంలో ఉన్నాయి. మన హైదరాబాదులోని లోకేష్ మెషీన్స్, సైన్యం, రక్షణ పరిశోధన సంస్థ కలిసి రూపొందించిన 'అస్మి' అనే 9 మి.మీ. తుపాకిని చేస్తోంది. 2024లో సైన్యపు ఉత్తర విభాగానికి 550 ఇచ్చింది. తెలుగునేల మీద చేసిన ఆయుధం కాశ్మీరు మంచుకు పోయిందంటే నాకూ సంతోషమే. ఇన్‌సాస్ మాగజైన్లు పగిలినది కూడా ఆ మంచులోనే. తుపాకితో మొదట వచ్చే మాగజైన్లు కొత్తవి గనుక బాగానే ఉంటాయి. ఏడెనిమిదేళ్ళకు అవి అరిగి, విడి మాగజైన్ల కోసం టెండరు పిలిచే రోజు వస్తుంది. అపుడు హైదరాబాదు కంపెనీవే కొంటారో, ఇంకెవరివో కొంటారో నాకు పట్టింపు లేదు. ఆ టెండరు కాగితం రాసే అధికారి, రాయడానికి ముందు, మా వాడు పంపినటువంటి అర్జీలను ఒక పదయినా తెప్పించుకొని చదువుతాడా అన్నదే నా ప్రశ్న.